కామేశ్వరి మేడం దిద్దించిన లేబులు

లేబులు అచ్చయి ప్రింటరు నుంచి అప్పుడే బయటికొచ్చిన పాటల డిస్కుకు ఒక వాసన ఉంటుంది. తడి సిరా, వేడెక్కిన ప్లాస్టిక్కు, కొంచెం మందుల షాపు. మా ఆవిడకు అది తలనొప్పి వాసన. ఆదివారం పొద్దున నేను డైనింగ్ టేబుల్ మీద డిస్కులు పరిచానంటే ఆమె కిటికీలన్నీ తెరిచి, టిఫిను వంటింట్లోనే నిలబడి తినేస్తుంది. నాకు మాత్రం ఆ వాసన తగలగానే తార్నాకలో ఒక రెండో అంతస్తు ఫ్లాటు, అందులో అలిసిపోయినట్టు తిరిగే ఫ్యాను, దాని కింద కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని కూర్చున్న కామేశ్వరి మేడం కనిపిస్తారు. పోయినవాళ్ళు గంధం వాసనకో, మల్లెపూల వాసనకో గుర్తు రావడం రివాజు. మేడం ఆ విషయంలో కూడా కొంచెం ఇబ్బంది పెట్టే మనిషే.

మేడం మా యూనివర్సిటీలో జానపద సాహిత్యం చెప్పి రిటైరయ్యారు. కాకినాడ వైపు మనిషి. ఉద్యోగానికని హైదరాబాదు వచ్చి ఇక్కడే ఉండిపోయారు. వయసులో ఉన్నప్పుడు టేప్ రికార్డరు భుజాన తగిలించుకుని తెలంగాణ ఊళ్ళు తిరిగి నాట్ల పాటలు, కోతల పాటలు, పెళ్ళి పాటలు పట్టుకొచ్చారు. ఆ క్యాసెట్లు తర్వాత డిస్కుల్లోకి ఎక్కాయి. డిస్కులు శాశ్వతమని అప్పట్లో అందరూ నమ్మారు. నేను చేరేనాటికి ఆ శాశ్వతం పొరలు పొరలుగా ఊడుతోంది. వాటిని కొత్త డిస్కుల్లోకి కాపీ చేసి, ఒక్కోదాని తెల్లటి ముఖం మీద వివరాలు అచ్చు వేసి డిపార్ట్‌మెంటుకు అప్పజెబితే, వాళ్ళు ఆ వివరాలతో సహా కంప్యూటర్లో భద్రపరుస్తారు. ఇదీ ప్రాజెక్టు. డిపార్ట్‌మెంటు డిస్కులు కాపీ చేసే కంప్యూటరుకు మరమ్మతు కావాలి. మరమ్మతుకు ఫైలు కదలాలి. ఫైలుకు మోకాళ్ళ నొప్పులు. అందుకని, నిజంగానే మోకాళ్ళ నొప్పులున్న మేడం డిస్కులను కూరగాయల సంచిలో వేసుకుని ఆటోలో ఇంటికి తెచ్చుకునేవారు. పిహెచ్‌డి మధ్యలో ఆపి, పెళ్ళి మాత్రం ఆపకుండా చేసుకున్న నేను ఆమెకు ప్రాజెక్టు అసిస్టెంటుని. బౌద్ధనగర్ నుంచి రోజూ నడిచి వచ్చేవాణ్ణి. ఆరోగ్యం కోసమని అడిగినవాళ్ళకు చెప్పేవాణ్ణి.

మేడం దగ్గర పని పద్ధతి ఒకటుండేది. కాపీ అయిన డిస్కును మొదటి నుంచి చివరి దాకా ఇద్దరం వినాలి. ఆ తర్వాత పాత లేబులు మీద ఉన్నది నేను పైకి చదవాలి. విన్నదీ చదివిందీ ఒకటేనని ఇద్దరం ఒప్పుకుంటేనే అచ్చు. పాట అయిపోగానే ఆపబోతే చేతి మీద కొట్టినంత పని చేసేవారు. "పాట అయ్యాకే కదయ్యా మనుషులు మాట్లాడేది" అనేవారు. నిజమే. పాట తర్వాత గేదెలు అరిచేవి, ఎవరో ఎవరినో నీళ్ళు అడిగేవారు, వయసులో ఉన్న మేడం గొంతు "మరొక్కసారి పాడతారా అండీ" అని బతిమాలేది. ఆ గొంతు వినబడినప్పుడల్లా మేడం ముఖం చిట్లించేవారు. "ఎవరీ పిల్ల? ఒక్కరినీ మాట పూర్తి చెయ్యనివ్వదు." అచ్చయిన డిస్కులను పాత చీర మీద వడియాల్లా వరసగా ఆరబెట్టేవాళ్ళం. పక్క ఫ్లాటావిడ ఒకసారి తొంగి చూసి, "వీటిని నూనెలో వేయిస్తారా మేడం?" అని అడిగింది. "వేయిస్తే ఇంకాస్త మన్నేవేమోనండీ" అన్నారు మేడం.

ఆ వేసవిలోనే డిపార్ట్‌మెంటు వాళ్ళు మేడంకు సన్మానం తలపెట్టారు. ఆ సందర్భంగా, ఎన్నో ఏళ్ళుగా బీరువాలో ఉన్న ఆమె పరిశోధన గ్రంథాన్ని పుస్తకంగా వేస్తామన్నారు. ప్రూఫులు వచ్చాయి. మేడం పైకి విసుక్కున్నారు గానీ, ఆ ప్రూఫుల కట్టను టేబుల్ మీద నీళ్ళ జగ్గుకు దూరంగా పెట్టుకున్నారు. ఆ ఇంట్లో అంత గౌరవం ఇంకే కాగితానికీ దక్కలేదు. అందులో అందరూ గొప్పగా చెప్పుకునే అధ్యాయం ఒకటుంది: రైతుల నాట్ల పాటల్లోకి ఎరుకల వారి బాణీ ఎలా వచ్చి చేరిందన్నది. సెమినార్లలో చదివిన ఆ అధ్యాయంతోనే ఆమెకు పేరు వచ్చింది. ఆమెను చూసి ఇంకొందరు రాశారు. వాళ్ళను చూసి మరికొందరు.

దానికి ఆధారమైన డిస్కు ఒకరోజు మధ్యాహ్నం మా చేతికొచ్చింది. సాయమ్మ అనే ముసలామె పాట. గొంతులో బురద, ఎండ, అలసట అన్నీ ఉన్నాయి. పాట ముగిసింది. వయసులో ఉన్న మేడం గొంతు అడిగింది: "ఈ పాట ఎవరిదమ్మా?"

"ఎరుకలే బిడ్డా."

"ఓహో, ఎరుకల వాళ్ళదా!"

"ఆఁ... ఎరుకలే" అంది సాయమ్మ, ఇక నన్ను వదిలెయ్ అన్నట్టు.

నేను లేబులు చదివాను: "ఎరుకల వారి పాట." చివరి మాట దగ్గులోకి జారింది.

"ఏవయ్యా యాదగిరీ, నవ్వుతున్నావేం?"

"నవ్వలేదు మేడం. దగ్గొచ్చింది."

"దగ్గు చెవుల దాకా సాగదు. చెప్పు."

చెప్పకుండా ఉండటానికి నా దగ్గర కారణాలు చాలా ఉన్నాయి. ఇంటి అద్దె అందులో ఒకటి. కానీ ఆమె కళ్ళజోడు కిందికి దించుకుని నా వంక చూస్తూ కూర్చున్నారు. "ఏం లేదు మేడం," అన్నాను. "మా దిక్కు తెల్వదు అనేదానికి ఎరుకలే అంటం. ఎరుక లేదు అన్నట్టు. మా నాయనమ్మ ఏదడిగినా గదే అనేది."

మేడం డిస్కును వెనక్కి జరిపి మళ్ళీ విన్నారు. మళ్ళీ విన్నారు. తర్వాత లేచి వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టుకొచ్చారు. అందులో చక్కెర లేదు. నేను అడగలేదు, ఆమెకూ తెలిసినట్టు లేదు.

"గైడుగారిది రాజమండ్రి," అన్నారు గ్లాసు పక్కన పెట్టి. "పరీక్షకు వచ్చినాయనది గుంటూరు. ఇద్దరూ పాట చదివారు గానీ వినలేదు. విన్నదాన్ని నేనొక్కదాన్నే. ఆవిడ నా ఎదురుగా కూర్చుని తెలీదమ్మా అంటే, నేనేమో ఓహో అన్నాను."

నాకు పాపమనిపించింది. పాపమనిపించినప్పుడు మనుషులు ఇచ్చే సలహాలన్నీ పనికిమాలినవే. నేనూ ఒకటి ఇచ్చాను. "ఉండనియ్యండి మేడం. పుస్తకం అచ్చుకు పోతున్నది. సన్మానం ముంగట పెట్టుకుని ఇప్పుడెందుకు? ఎవరికెరుక?"

ఆమె నా వంక చూశారు. అలసటగా నవ్వారు.

"ఇప్పుడు నాకెరుక కదయ్యా."

మర్నాడు, ఆ పాటకు కులం రాయొద్దని చెప్పడానికి ఇద్దరం క్యాంపస్‌కు వెళ్ళాం. ఆఫీసు మెట్ల దగ్గర ఆమె ఒక్కో మెట్టుకూ ఆగుతుంటే, వెనక్కి వెళ్ళిపోదామంటారేమోనని ఆశపడ్డాను. సెక్షన్ ఆఫీసరు మంచివాడు. కుర్చీ తెప్పించాడు, చాయ్ చెప్పాడు, పని మాత్రం కాదన్నాడు.

"ఏంది మేడం, గిప్పుడు గిదంతా అవసరమా? కులం కాలమ్ ఖాళీ వదిలితే కంప్యూటర్ తీస్కోదు."

"అయితే తెలియదు అని పెట్టండి."

"గా ఆప్షనే లేదు మేడం. ఇతరులు అని పెడ్తా, పరేషాన్ ఉండదు."

"ఇతరులంటే ఎవరో తెలిసినట్టే కదండీ. ఇది ఎవరిదో తెలీదు."

"రెండింటికి ఫరక్ ఏముంది మేడం?"

"నా ఉద్యోగమంతా ఆ ఫరక్కు మీదే నడిచింది" అన్నారు మేడం. "తప్పుగా నడిచింది."

ఆఫీసరు ఆమెను చూశాడు, గడియారం చూశాడు, నన్ను చూశాడు. నేను గోడ చూశాను. చివరికి ఆయనే కంప్యూటరు మనిషిని పిలిచి, కులాల వరసలో చివర "తెలియదు" అని ఒకటి చేర్పించాడు. అంటే కంప్యూటరు లెక్కలో అది కూడా ఒక కులమే. మేడం అది తప్పని చెప్పబోయి, కుర్చీలోంచి లేచారు.

అక్కడి నుంచి ప్రూఫుల కట్ట తిరిగి ఇచ్చేయడానికి వెళ్ళాం. ఆ అధ్యాయం ఒక్కటి తీసేసి మిగతాది వేద్దామని డిపార్ట్‌మెంటు వాళ్ళు అన్నారు. "మిగతా అధ్యాయాలన్నీ దాని భుజం మీదే చెయ్యేసి నిలబడ్డాయి" అని మేడం కట్ట అక్కడే పెట్టేశారు. ఆటోలో తార్నాక వచ్చాం. దిగాక, డబ్బులిస్తూ, "చేతికందిన పుస్తకం కదయ్యా," అన్నారు. అంతే. సన్మానం పుస్తకం లేకుండానే జరిగింది. వక్తలు ఆమె పరిశోధన గురించి చాలాసేపు మాట్లాడారు. అందరూ ఆ అధ్యాయాన్నే మెచ్చుకున్నారు. కప్పిన శాలువాను ఆమె నాలుగు మడతలు పెట్టి అచ్చు వేసేటప్పుడు ఊగే ప్రింటరు కింద వేశారు. ఆ తర్వాత అది ఊగడం మానేసింది.

కొత్త లేబులు మేడం చెబుతుంటే నేను టైపు చేశాను. "నాట్ల పాట. పాడినవారు సాయమ్మ. ఈ పాట ఎవరిదని అడిగితే ఎరుక లేదు అన్నది."

"అన్నది వద్దు. అన్నారు పెట్టు," అన్నారు మేడం. "వయసులోనూ పెద్దావిడే. నిజం చెప్పడంలోనూ పెద్దావిడే."

"ఇంత మాటకు జాగ లేదు మేడం."

"డిస్కు గుండ్రంగానే ఉందిగా. చుట్టూ తిప్పు."

తిప్పాను. ఆ లేబులు చదవాలంటే డిస్కును చేతిలో పట్టుకుని ఒక చుట్టు తిప్పాలి.

మేడం పోయి చాలా కాలమైంది. నేను ఆగిన పిహెచ్‌డి ఎలాగో ముగించి రామంతాపూర్‌లో ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఇల్లు తార్నాకకే మార్చాను. డిస్కులు చదివే యంత్రం మా ఇంట్లో తప్ప దొరకడం లేదని డిపార్ట్‌మెంటు వాళ్ళు ఇప్పటికీ సంచులు పంపిస్తుంటారు. ఆ కంప్యూటర్లో "తెలియదు" కులం బాగా పెరిగింది. మేడం తర్వాత కూడా కొన్ని పాటలు అందులో చేరాయి. నేను విని, పాత లేబులును ఒప్పుకోలేక చేర్చినవే ఎక్కువ. క్లాసులో పిల్లలు ఏదైనా అడిగితే తెలియదని చెప్పడం అలవాటైంది. మొదట్లో వాళ్ళకు నా మీద గౌరవం తగ్గింది. ఇప్పటికీ పూర్తిగా తిరిగి రాలేదు. అయినా అడగడం మాత్రం మానలేదు.

మొన్న ఒక పరిశోధక విద్యార్థి ఫోన్ చేశాడు. సాయమ్మ పాట విన్నాడట, దాని మీద రాస్తున్నాడట.

"సార్, గా పాట ఏ కులపోళ్ళదో ఒక్క మాట చెప్పుండ్రి, చాలు. మీ పేరు కూడా రాస్త."

"తెల్వదు తమ్మీ."

"అందాజగ చెప్పుండ్రి సార్."

"అందాజగ గూడ తెల్వదు."

అటు వైపు నిట్టూర్పు వినబడింది. పాపం, అతని అధ్యాయం నా నోట్లో ఇరుక్కుంది. "మరి ఎరుకున్నోళ్ళు ఎవరన్న ఉన్నరా సార్?" అన్నాడు.

"ఎరుక లేదని చెప్పినామె ఒకామె ఉండె" అన్నాను.

ఎవరని అతను అడగలేదు. అడిగి ఉంటే, ఒకరు కాదు, ఇద్దరని చెప్పేవాణ్ణి.