ధర్మవరంలో మంచు గుహ

నేను ఆదివారాలు ధర్మవరం పోయేది ఎవరో అబ్బాయి కోసమని మా అమ్మ అనుమానం. ఏ పనీ నిలకడగా చెయ్యలేక ఊళ్లు తిరుగుతున్నానని నాయన నమ్మకం. డిగ్రీ అయిపోయి ఏడాదైంది మరి. "ఈ వారంతో సరి. వచ్చే ఆదివారం నుంచి బ్యాంకు కోచింగుకు పోతాండావు" అని తేల్చేశాడు. నిజానికి నేను వెళ్లేది ఒక కంప్యూటర్ ఆటలోని మంచు గుహలోకి. దాని అట్టడుగు గది చేరాలని నెలగా నా స్నేహితురాలు రూతూ నేనూ తంటాలు పడుతున్నాం. అందులో చస్తే చచ్చినట్టే, ఆటలో మనం పెంచుకున్న బొమ్మ మనిషి పోతుంది, అంతా మొదటికొస్తుంది. ఇక మిగిలింది ఈ ఒక్క ఆదివారం.

మా హిందూపురంలో పొద్దున పాసింజరు రైలు పట్టుకోవడం మేలు. బస్సు సోమందేపల్లి మీదుగా ప్రతిచోటా ఆగుతూ పోతుంది, ఛార్జీ కూడా ఎక్కువే. పెనుకొండలో దోసకాయల బుట్టతో ఒక అవ్వ ఎక్కి నా పక్కన కూర్చుంది.

"యాడికి పోతాండావు పాపా?"

"ధర్మవరం అవ్వా. మంచు గుహలో దిగే పనుండాది."

"ఈ ఎండల్లో మంచు యాడుండాదే? ఉంటే నన్నూ పిల్చుకపో" అంటూ ఉప్పూకారం రాసిన దోసకాయ ముక్క చేతిలో పెట్టింది. దుడ్లు మాత్రం మరిచిపోకుండా అడిగింది.

స్టేషన్ నుంచి నడిచిపోయే దూరంలో, మగ్గాల చప్పుడు వినబడే సందులో రూతు వాళ్లన్న నెట్ సెంటర్ ఉంది. గంటకు ఇరవై రూపాయలు. రూతు చర్చి నుంచి నేరుగా వచ్చేసింది. ఒకదానికొకటి కలిపిన రెండు కంప్యూటర్ల ముందు కూర్చున్నాం.

గుహ ముందర ఒక నీటి ఊట ఉంటుంది. చూడగానే నా తోలు తిత్తులన్నీ నింపేశాను.

"ఎందుకే అన్ని? మనం పోయేది మంచులోకి!"

"మా వీధిలో నీళ్లు కనపడినప్పుడే పట్టుకోవల్ల."

"ఈడ కొళాయి లేదు తల్లీ. చలి కాచుకునేకి కట్టెలు మోయి."

వినలేదు. రెండో అంతస్తు దిగేసరికి తిత్తులు గడ్డకట్టి బండలయ్యాయి. ఆ బరువుకు నా నడక మందగించింది, ఒంట్లో వేడి చూపే ఎర్ర గీత కుంచించుకుపోతోంది. కాలి కింద మంచు పెళపెళమంది.

"నీ అడుగుకు నేల పగులుతాండాది! పారేయి నీళ్లు!"

"నీళ్లు పారేసేదా?" నా చెయ్యి రాలేదు. రూతు నా నెత్తిన ఒకటి మొట్టాక, ఒక్కొక్కటే వదిలాను. అప్పటికే నన్ను బతికించడానికి తన కట్టెలు దాదాపు కాల్చేసింది. చివరి మెట్లు ఎదురుగా నీలంగా మెరుస్తున్నాయి. మిగిలింది ఒకే కట్టె.

"దిగుదామా? వచ్చే వారం నువ్వు రావు గదా."

ఆ ఒక్క కట్టెతో దిగితే తిరిగి రాలేం. దాని వేడితోనే ఇద్దరం వెనక్కి ఎక్కాం. బయట, ఆటలోని సూర్యుడి కింద ప్రాణాలతో నిలబడి, పిచ్చివాళ్లలా నవ్వుకున్నాం.

తిరుగు రైలు కిటికీ పక్కన కూర్చున్నాను. అట్టడుగు గది చేరకపోయినా నాకు నిరాశ కలగలేదు. టైపింగు, కుట్టుపని మధ్యలో వదిలేశాను, నిజమే. వాటిలో ఏ పాఠం తర్వాత ఏదో ఇప్పుడు చెప్పమన్నా చెప్పలేను. ఈ గుహలో మాత్రం ఏ మలుపు తర్వాత ఏముందో కళ్లు మూసుకుని చెప్పగలను. ఇష్టమైన చోట నాకూ నిలకడ ఉంది.

మీరు అలాంటి గుహలో దిగేటట్టయితే ఒకే మాట: నీళ్లు ఒక తిత్తి చాలు, మిగతా సంచంతా ఎండు కట్టెలతో నింపండి.

ఇంటికి రాగానే నాయనకు చెప్పాను. కోచింగు ఆదివారం బ్యాచిలో చేరను. వచ్చే వారం ధర్మవరం పోతున్నాను.