బావ బిగించిన మూత

పన్నెండేళ్లుగా నేను చెప్పకుండా దాచిన మాట ఒకటుంది. గుహలో ఆ రాయిని పాడుచేసింది మా బావ కాదు, నేను. పోయిన ఆదివారం తుష్నాబాద్‌లో అక్క వాళ్లింట్లో భోంచేస్తున్నాం. బావ నీళ్ల సీసా మూత బిగించాడు. మళ్లీ బిగించాడు. లేచి వెళ్లబోయి, వెనక్కొచ్చి ఇంకోసారి తిప్పి చూశాడు. "మీ బావ మూత పెట్టిన పచ్చడి సీసా తియ్యాలంటే క్రేన్ తేవాలిరా," అని అక్క నవ్వింది.

అప్పట్లో మేం ఏడెనిమిది మందిమి నెలకోసారి సున్నపురాయి గుహను శుభ్రం చేయడానికి వెళ్లేవాళ్లం. జెట్టీ దగ్గర డింగీ పడవ ఎక్కి, మడచెట్ల వేళ్ల మధ్య సన్నటి పాయలో తల వంచుకుని కూర్చుని, దిగాక చాలాసేపు నడిచి. లోపల గోడలన్నీ తడిగా మెరిసేవి. వాటి మీద, చూడవచ్చినవాళ్లు బొగ్గుతో రాసిపోయిన ప్రేమికుల పేర్లు. మా జట్టుకు పెద్ద ఒక రిటైరైన టీచరు. అందరం దీదీ అనేవాళ్లం. ఆమె ఒక్కటే చెప్పేది. "మంచినీళ్లు, మెత్తటి బ్రష్, బస్, అంతే. జల్దీ చెయ్యకండి." ఒక్కో పేరు పోవడానికి రెండు మూడు నెలలు పట్టేది. టైల్స్ మేస్త్రీ అయిన బావ, పసిపిల్లకు ఒళ్లు రుద్దినట్టు రుద్దేవాడు. నేనేమో గడియకోసారి బయటికెళ్లి వచ్చేవాణ్ణి.

ఒకసారి, మరునాడు మా పని చూడ్డానికి అధికారులు వస్తారనగా, నా వాటా గోడ మీద కింది భాగంలో ఒక పేరు మిగిలిపోయింది. అందరూ టీ తాగడానికి బయటికెళ్లారు. సరిగ్గా దాని పైనున్న రాతి అరుగు మీద బావ సంచి. పని నుంచి నేరుగా వచ్చాడేమో, టైల్స్ మరకలకు వాడే యాసిడ్ సీసా అందులోనే ఉంది. కొంచెమే కదా అనుకుని పోశాను. రాయి బుసబుస పొంగింది. పేరు పోయింది, దానితోపాటు రాతి మెరుపూ పోయి అరచేతి మేర పాలిపోయింది. అడుగుల చప్పుడు విని సీసాను సంచిలో కుక్కేశాను. మూత సరిగ్గా పట్టలేదు. సంచి తడిసి అరుగు కిందికి, ఆ పాలిపోయిన చోటి మీదికే కారింది. తిరిగొచ్చినవాళ్లు చూసింది అదే.

"నేనే మూత బిగించలేదేమో దీదీ," అన్నాడు బావ, మొహం నల్లబడిపోయి. ఎవరూ రావద్దనలేదు, ఆయనే ఇక రాలేదు. నేను మాత్రం వెళ్తూనే ఉన్నాను. కొత్తగా చేరినవాళ్లకు ఓపిక గురించి పాఠాలు కూడా చెబుతున్నాను.

సోమవారం పొద్దున్నే మా ప్రోతరాపూర్‌లో తుష్నాబాద్ బస్సెక్కాను. సీట్లు ఖాళీగా ఉన్నా కూర్చోలేకపోయాను. నేను వెళ్లేసరికి బావ పెరట్లో బకెట్లో టైల్స్ నానబెడుతున్నాడు.

"ఏరా, నిన్ననే కదా తినెళ్లావు, ఫిర్ భూక్? అప్పుడే మళ్లీ ఆకలా?"

"బావా, ఆ రోజు గుహలో మూత నువ్వు బిగించే పెట్టావు. తీసింది నేను. రాయి మీద పోసిందీ నేనే."

ఆయన చేతిలో టైల్ అలాగే ఉండిపోయింది. "నేను బిగించానా? పక్కా?"

"పక్కా."

"బిగించినట్టే గుర్తుండేదిరా. నా చేతుల్నే నేను నమ్మలేదు." టైల్‌ను బకెట్లోకి జారవిడిచి, నా వైపు చూడకుండానే అడిగాడు. "ఆ చోటు ఇప్పుడెలా ఉంది?"

"అంచున గోరంత మెరుపు తిరిగొచ్చింది. దీదీకీ అందరికీ నేనే చెబుతాను."

గుహలో ఒక్క పూట ఆగలేకపోయినవాణ్ణి, ఈ పెరట్లోకి రావడానికి పన్నెండేళ్లు తీసుకున్నాను.

"తప్పు నాది, క్షమించు బావా," అన్నాను.