తెర మీద మాట వెలిగితే

ఈ ఉదయం యంత్రం మళ్లీ ఆగింది. గద్వాల పొలిమేరలో మేం పనిచేసే విత్తనాల ఫ్యాక్టరీలో, పత్తిగింజలు ఏరే యంత్రం అది. ఇబ్బంది వస్తే ఆగి, ఏం చెయ్యాలో తెర మీద చక్కటి తెలుగులో చెబుతుంది. మర్యాదస్తురాలే. కాకపోతే దాని దగ్గర నిలబడే ఆడవాళ్లెవరికీ చదువు రాదు. మాట వెలగగానే పక్క షెడ్డులో ఉన్న నాకు కబురొస్తుంది, నేను పరుగెత్తి వచ్చి చదివి పెడతాను. నా డిగ్రీలో ఇంత వ్యాయామం ఉందని కాలేజీలో ఎవరూ చెప్పలేదు. నేను వచ్చేదాకా షెడ్డులో పని ఆగిపోతుంది. తెర వెలుగు ముఖాల మీద పడుతుంటే వాళ్లు కదలకుండా నిలబడి ఉంటారు. వాళ్లలో మొన్నటిదాకా మా చిన్నమ్మ కూతురు, అక్క, ఉండేది.

నాకన్నా ఏడాది పెద్దదైనా బడిలో మాది ఒకటే తరగతి. గొప్ప తెలివైనదని చెప్పను, నాలాగే సాధారణం. ఆ సాధారణత్వానికే నాకు డిగ్రీ వచ్చింది. రెండో తరగతిలో ఉండగా, వానాకాలంలో, దాన్ని పత్తిచేన్లో క్రాసింగ్‌కు, అంటే సంకర విత్తనం కోసం పువ్వుల్ని కలిపే పనికి, పంపారు. సాయంత్రం మొగ్గలోని మగభాగం గిల్లి ఎర్ర కాగితం తొడగాలి, మర్నాడు పొద్దున వేరే పువ్వు తెచ్చి పుప్పొడి అద్దాలి. పొట్టి పిల్లలైతే కొమ్మలు విరగవు. కావలసిన అర్హత అంతే. సారు ఇంటికొచ్చి అడిగితే చిన్నాయన నవ్వాడు. "పువ్వు ఒక్క పూటే ఉంటది సారూ. బడి యాడికి పోతది? గీడనే ఉంటది." నిజమే, బడి ఇప్పటికీ అక్కడే ఉంది. హాజరు పిలుస్తూ సారు అక్క పేరు దగ్గర ఆగి కిటికీలోంచి చూసేవాడు. చేన్లో ఎర్ర కాగితాలు కదిలేవి, పిల్లలు కనిపించేవారు కాదు. కొన్నాళ్లకు ఆగడం మానేశాడు. తర్వాత ఆ పేరే మానేశాడు.

యంత్రం నడిపే కుర్చీ ఆడవాళ్లలోనే ఒకరికి ఇస్తామని, తెర చూసి నడిపి చూపాలని పోయిన నెల మేనేజరు చెప్పాడు. వంగి వంగి అక్క మోకాళ్లు పోయాయి. కూర్చునే పని దొరక్కపోతే ఇంటికే.

"తమ్మీ, జర నేర్పియ్యి."

"అక్షరాలతోటి మొదలు పెడుదామా?"

"గవి నేర్సేసరికి నేను ముసల్దాన్నైత. ఏది ముందొస్తది, ఏది ఎన్కొస్తది, గది చెప్పు సాలు."

చేన్లో చేతులకు అబ్బిన పద్ధతి అది. ఇవాళ గిల్లితే రేపు అద్దాలి, వరుస తప్పదు. అన్నాల వేళ అలాగే చెప్పాను. మొదట "మూత తెరవండి", తర్వాత "చెత్త తియ్యండి", ఆఖరున "మూత వెయ్యండి". ఎప్పుడూ వచ్చేవి అవే.

పరీక్ష రోజు యంత్రం ఆగకుండానే తెర మీద "బెల్టు ఆపండి" అంది. ఎప్పుడూ వచ్చే మొదటి మాటే అనుకుని అక్క ధీమాగా మూత తెరిచింది. తిరుగుతున్న బెల్టు మీంచి గింజలు ధారగా నేలకు దూకాయి. వీళ్లకు శ్రద్ధ లేదని, అందుకే పని సాగదని మేనేజరు నాతో ఇంగ్లీషులో అన్నాడు. అక్కకు అర్థం కాలేదు. చదువు రాకపోవడం వల్ల ఆమెకు జరిగిన మేలు నాకు తెలిసి అదొక్కటే.

గింజలు ఊడుస్తూ, తెరవైపు చూపి అడిగింది, "ఏమన్నది తమ్మీ అది?"

చెప్పాను.

"గంతేనా?" అని చీపురు గోడకు ఆనించింది. మర్నాటి నుంచి రాలేదు.

ఒక వానాకాలం బడిలో కూర్చుంటే చదవడం వచ్చే మాట అది. ఆ వానాకాలాన్ని మా అక్క దగ్గర చేబదులు పుచ్చుకున్న కాలం, ఇన్నేళ్లుగా మా వీధినే పోతూ వస్తూ, ఒక్కసారీ ఆ ఇంటివైపు తల తిప్పలేదు.