ఖాళీ గడి

పుస్తకం తీసుకెళ్లినవారి పేరు దాచే గ్రంథపాలకుణ్ణి మీరు నమ్ముతారా? నేను నమ్మలేదు.

నౌపడ దగ్గరి మా శాఖా గ్రంథాలయంలో ఆయన రిజిస్టరులో నవలలకూ వంటల పుస్తకాలకూ పాఠకుల పేర్లు గుండ్రంగా రాసేవారు. మానసిక వ్యాధుల పుస్తకాలకు మాత్రం పేరు గడి ఖాళీగా ఉండేది. వాటిని అమ్ముకుంటున్నారేమోనని అనుమానించి, ఒకనాడు ఆ రిజిస్టరే చూపించి నిలదీశాను.

"పేరు రాస్తే ఊరంతా పేరే సదువుతాది పాపా. పుస్తకం ఎవులూ సదవరు," అన్నారాయన.

"తిరిగి తేకపోతే?"

"ఇంకా అవసరముందన్నమాట. నువ్వేటి, పోలీసువా?"

దాపరికమే సిగ్గును పెంచుతుందని వాదించాను. ఆయన రిజిస్టరు మూసి, పుస్తకాలు సర్దుకోసాగారు. గెలిచాననుకున్నాను.

ఆరు నెలలకు, వదలని దిగులుతో, కుంగుబాటు గురించిన పుస్తకమొకటి ఆయన ముందుంచాను. ఆయన అడగకుండానే, "కాలేజీలో డిబేట్‌కండీ," అన్నాను.

"అలాగే పాపా," అంటూ గడిని ఖాళీగా వదిలేశారు. నా అబద్ధం ఆయనకు తెలిసిపోయింది. నాకు మాత్రం హాయిగా అనిపించింది. ఆ హాయినే నేనిప్పటికీ అనుమానిస్తున్నాను. అందులో ఆయన దయ ఎంతో, నా పిరికితనం ఎంతో తేల్చుకోలేకపోయాను.

పుస్తకం తిరిగిచ్చిన రోజున కలం అడిగి, ఆ గడిలో నా పేరు నేనే రాశాను. ధైర్యం చేయగలిగితే, మీరూ రాయండి.