కల్లం వేళల్లో దుబాయ్

మిరప పండించేవాళ్ళకు సెలవులిచ్చేది క్యాలెండరు కాదు, గుంటూరు మిర్చి యార్డు. మే నెలలో యార్డు మూస్తేనే మా వాళ్ళకు కాస్త తీరిక. అప్పటికి కాయ అమ్ముడుపోవడమో, కోల్డ్ స్టోరేజీకి చేరడమో జరిగిపోతుంది. మళ్ళీ వానలు పడేదాకా చేలో పెద్ద పనుండదు. అందుకే మా సామ్రాజ్యం అక్కను దుబాయ్ తీసుకెళ్ళాలని పంతం పట్టినప్పుడు నాకు మే తప్ప మరో నెల దొరకలేదు. బావ పోయి మూడేళ్ళయింది. ప్రత్తిపాడు దగ్గరున్న ఆరెకరాల మిరప చేను అప్పటినుంచీ అక్క ఒక్కతే చూసుకుంటోంది. ఈ మూడేళ్ళలో ఒక్క రాత్రి కూడా బయట పడుకోలేదు. గుంటూరులో మా ఇంటికొచ్చినా సాయంత్రం బస్సుకు వెళ్ళిపోవాల్సిందే. నా పోరు పడలేక చివరికి ఒప్పుకుంది కానీ షరతు పెట్టింది. "వస్తానే. నాకు నచ్చలేదనుకో, ఇక జన్మలో నన్నెక్కడికీ రమ్మని అడగకూడదు. సరేనా?" సరేనన్నాను. ఈ నాలుగు రోజుల ప్రయాణం బెడిసికొడితే అక్క ఇక ఆ చేను గట్టు దాటదు.

మేలో వెళ్ళడంలో ఒక సుఖం ఉంది. చలికాలంతో పోలిస్తే హోటల్ గదులు దాదాపు సగం ధరకే దొరుకుతాయి. వీసా పని గుంటూరు అరండల్‌పేటలో ఒక ఏజెంటు చూసిపెట్టాడు. పాస్‌పోర్టు, ఫోటో ఇస్తే వారంలోపే వచ్చింది. ఉదయం గుంటూరులో కారెక్కి మధ్యాహ్నానికి శంషాబాద్ చేరాం. అక్కడినుంచి విమానంలో నాలుగు గంటల ప్రయాణం. మేలో అక్కడ మాడిపోతారని చెప్పినవాళ్ళందరికీ నేనిచ్చిన జవాబు ఒకటే: గుంటూరువాళ్ళకు ఎండ కొత్తా? ఇంత పొగరు ఎక్కడినుంచి వచ్చిందో నాకే తెలియదు.

అక్కడి గడియారం మనకన్నా గంటన్నర వెనక. మొదటి రోజు అక్క నాలుగింటికే లేచి, స్నానం చేసి, జడ వేసుకుని, కుర్చీలో కూర్చుంది. "సెలవులకొచ్చాం, పడుకోవే" అని కసిరాను. టిఫిన్ హోటల్ వాళ్ళదే కాబట్టి తొమ్మిదింటిదాకా కూర్చుని తృప్తిగా తిన్నాను. మేం బయటపడేసరికి పదిన్నర. తలుపు దాటగానే అక్క కళ్ళజోడు ఆవిరి పట్టి తెల్లబడింది. మన ఎండ కాలుస్తుంది కానీ చెమట ఆరుతుంది. ఇక్కడ సముద్రం పక్కనే ఉండటంతో ఒంటిమీద చెమట అలాగే నిలిచిపోతుంది. అన్నం వార్చే గిన్నె మీద ముఖం పెట్టినట్టు ఉంది. క్రీక్ అనే సముద్రపు పాయను చెక్క పడవలో ఒక్క దిర్హమ్‌కి, అంటే రమారమి పాతిక రూపాయలకు, దాటి మసాలా దినుసుల బజారుకు చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది.

బస్తాల్లో ఎర్రటి ఎండుమిర్చి చూసి అక్క మురిసిపోతుందని నేను ఇంటిదగ్గరే ఊహించుకున్నాను. ఆమె వాటి వంక కూడా చూడలేదు. దుకాణం మెట్టు మీద కూలబడి పైటకొంగుతో ముఖం ఒత్తుకుంది. "ఇంత దూరం తీసుకొచ్చి మళ్ళీ కాయలే చూపిస్తావుటే?" అంది నీరసంగా. దుకాణదారు చల్లటి నీళ్ళ సీసా తెచ్చిచ్చి, డబ్బులు తీసుకోనన్నాడు. రెండు గుక్కలు తాగి అక్క నా చెయ్యి పట్టుకుంది. "టిక్కెట్ మార్పించు. నేను రేపే ఇంటికి పోతా." నాకు ఏడుపొచ్చింది. ఎండ వల్ల కాదు, నా తెలివితక్కువతనం వల్ల.

గదికి తిరిగి వెళ్ళడానికి ఎక్కిన టాక్సీలో మా మాటలు వినగానే డ్రైవర్ అద్దంలోంచి చూశాడు. "ఏ ఊరండీ మనది?" అన్నాడు. అతనిది కనిగిరి దగ్గర పల్లెటూరు, వచ్చి పదేళ్ళు దాటిందట. అక్క వాలకం చూసి ఏసీ పెంచాడు. "మే నెలలో పట్టపగలు ఎవరు తిరుగుతారండీ ఇక్కడ? తెల్లారేసరికి రోడ్డు మీదుండాలి, ఎండెక్కేసరికి గదిలో పడాలి. మళ్ళీ పొద్దు వాలాకే."

అక్క వాలిపోయిన తల ఎత్తింది. "అంటే కల్లం వేళలేగా అబ్బాయ్! మిరపకాయ ఆరబోసినప్పుడు మేం చేసేదీ అదేగా." తర్వాత నా వైపు తిరిగింది. "నాలుగింటికి తయారై కూచుంటే పడుకోమన్నది ఎవరమ్మా?" నేను కిటికీలోంచి భవనాలు చూస్తున్నట్టు నటించాను. టిక్కెట్ మాట మాత్రం అక్క మళ్ళీ ఎత్తలేదు.

ఆ తర్వాత నా ప్లాను చెత్తబుట్టలోకి పోయింది, పెత్తనం అక్క చేతికి వెళ్ళింది. ఐదున్నరకల్లా బీచ్‌లో ఉండేవాళ్ళం. ప్రవేశ రుసుము లేదు, ఇసుక చల్లగా ఉంటుంది, నడవడానికి వచ్చినవాళ్ళు తప్ప జనం ఉండరు. ఎనిమిదిన్నరకు గదికి వచ్చేయడం, తెచ్చుకున్న కారప్పొడి, నెయ్యి వేసుకుని ఇడ్లీ తినడం, పదకొండు దాటాక నిద్ర. ఐదు తర్వాత మెట్రో ఎక్కితే ఊరంతా చల్లగా కూర్చుని చూడొచ్చు. రోజు పాస్ తీసుకుంటే ఎన్నిసార్లు ఎక్కినా దిగులుండదు.

మూడో రోజు మధ్యాహ్నం నిద్రలో ఉండగా కిటికీ వెలుతురు ఒక్కసారిగా తగ్గింది. "పట్టాలు! పట్టాలు కప్పండ్రా!" అని అరుస్తూ అక్క మంచం దిగి చెప్పుల కోసం వెతికింది. ఆరబోసిన కాయ మీద చినుకు పడితే రంగు పోతుంది, ఏడాది కష్టం పోతుంది. మబ్బు కనబడితే టార్పాలిన్ పట్టాలతో పరుగెత్తడం మా కల్లాల్లో అందరికీ అలవాటే. ఇక్కడ కమ్ముకున్నది వాన మబ్బు కాదు, ఎడారి దుమ్ము. సంగతి తెలిశాక అక్క నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. "మీ బావ ఉన్నప్పుడు మబ్బు సంగతి ఆయన చూసుకునేవాడే. నేను నిద్రపోయేదాన్ని. ఇప్పుడు కళ్ళు మూసినా ఆకాశమే కనబడుద్ది." పక్కన కూర్చుని వీపు నిమిరాను. ఆమె ఊరు దాటకపోవడానికి కారణం మొండితనమని ఇన్నాళ్ళూ అనుకున్నందుకు సిగ్గేసింది.

చివరి సాయంత్రం బీచ్‌లో చీర కుచ్చెళ్ళు కాస్త ఎత్తి దోపుకుని, పాదాలు నీళ్ళలో పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా సూర్యుడు సముద్రంలోకి దిగుతున్నాడు. అంతలో అటువైపు నుంచే బూడిదరంగు తెర లేచి సూర్యుణ్ణి మింగేసింది. నేను కంగారుగా అక్క వైపు చూశాను.

"మబ్బు పట్టిందే అక్కా, లేద్దామా?"

ఆమె కదల్లేదు. "పట్టనీవే. మనవేం ఆరబోసి లేవుగా ఇక్కడ."

సెలవంటే కొత్త చోటు చూడటమని నేను అనుకునేదాన్ని. కాపలా కాయాల్సినది ఏదీ లేని చోట కాసేపు కూర్చోవడమని ఇప్పుడు అనిపిస్తోంది. ఎత్తైన భవనాల పేర్లు అక్కకు ఒక్కటీ గుర్తులేదు. ఆ సాయంత్రం గురించి మాత్రం అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెబుతోంది. వెళ్ళాలనుకునేవాళ్ళకు నా సలహా ఒక్కటే: వీలుంటే నవంబరు, ఫిబ్రవరి మధ్య వెళ్ళండి. మాలాగా మే తప్ప వేరే గతి లేకపోతే, పదికి ముందూ ఐదు తర్వాతే గది దాటండి. తిరుగు ప్రయాణంలో షరతు సంగతి నేను ఎత్తలేదు, భయపడ్డాను. కారు ప్రత్తిపాడు మలుపు తిరుగుతుండగా అక్కే అంది: "వచ్చే ఏడు యార్డుకు సెలవులెప్పుడిస్తారో కాస్త ముందే కనుక్కోవే."