నాయకుడికి మా మాస్టరు వాయించిన స్వాగతం

మా బ్యాండ్ మాస్టరు పోయారని మొన్న మొగుళ్లపల్లిలో పెళ్లి ఊరేగింపు మధ్యలో ఫోన్ వచ్చింది. డీజే పెట్టెల మోతలో సగమే వినపడింది. ఆ మోతను ఆయన ఏనాడూ సంగీతమనలేదు. "గది పాట గాదురా, పిండిగిర్ని," అనేవారు.

జనగామలో మా బ్యాండును ముప్పై ఏళ్లు నడిపారాయన. క్లారినెట్ ఆయనది, డోలు నాది. ఎవరైనా ఉత్త పొగడ్తలు మొదలుపెడితే జవాబివ్వకుండా క్లారినెట్ తిరగేసి, అందులోని ఉమ్మినీరు వాళ్ల కాళ్ల ముందు దులిపేవారు.

రాష్ట్రం కోసం ఉద్యమం నడుస్తున్న రోజులవి. దీక్షా శిబిరాల దగ్గర ఊరికే వాయించేవాళ్లం. అప్పట్లో ఒక నాయకుడుండేవాడు. రోడ్డెక్కిన పిల్లలను పనిలేనోళ్లని తిట్టినవాడే, గాలి మళ్లగానే కండువా మార్చాడు. జనం తనకు పట్టే నీరాజనం పట్నం పెద్దలకు చూపించుకోవాలని సభ పెట్టి, దాన్ని సినిమాగా తీయించాడు. పాత బ్యాండు మాదే కనుక మమ్మల్ని పిలిచాడు. "అంతా లైవ్ ఉండాలె. ఒక్క ముక్క కట్ చెయ్యొద్దు," అని వీడియో అతనికి మా ముందే చెప్పాడు.

మాస్టరు ఒప్పుకున్నారు. నాకు ఒళ్లు మండింది.

"గీనికి వాయిస్తమా మాస్టర్? లాఠీ దెబ్బలు తిన్న పోరగాండ్ల ముంగట?"

"వాయిస్తం. గాయనకు తగ్గదే వాయిస్తం."

నాయకుడు మెట్లెక్కుతుండగా ఆయన క్లారినెట్ ఎత్తారు. శవాన్ని కాటికి తీసుకుపోయేటప్పుడు వాయించే వరస! నా చేతులు ఒక్క క్షణం ఆగి, తర్వాత వాటంతటవే డోలు మీద పడ్డాయి. నాయకుడు దండలకు మెడ వంచుతూ ఆ దరువుకే అడుగు కలిపాడు. పాడె మీదున్నవాడికైనా కాస్త హుందాతనం ఉంటుంది.

వరస ఆగగానే ముందు కూర్చున్న అవ్వ అడిగింది: "ఎవలు వోయిండ్రు బిడ్డా?"

మాస్టరు మైకు ముందే ఉన్నారు. "ఇంక పోలేదవ్వా. స్టేజీ మీదున్నడు."

జనం విరగబడి నవ్వారు. నాయకుడు దాన్నీ జేజేలే అనుకున్నాడు. కాదని చెప్పే దమ్ము వెంట తిరిగేవాళ్లలో ఒక్కడికీ లేకపోయింది.

సినిమాను ఫంక్షన్ హాల్లో పెద్ద తెర మీద వేయించాడు. ముందుగా ఒకసారి చూసుకునే ఓపిక కూడా లేదు. తన ముఖం బాగా పడిందని చెబితే చాలు. వీడియో అతను మాట తప్పలేదు, ఒక్క ముక్కా తీయలేదు. చావు వరస, అవ్వ ప్రశ్న, మాస్టరు జవాబు, అన్నీ హాలంతా మోగాయి. పట్నం అతిథులే ముందు నవ్వారు. నాయకుడు వంటింటి దారిన జారుకున్నాడు.

తెల్లారి నాయకుడి మనిషి మాస్టరు దగ్గరికి వచ్చాడు. "తప్పయిందని ఒక్క మాట చెప్పు మాస్టర్. పెండ్లిళ్ల సీజను, జర సోంచాయించు."

"తప్పా? ఏడ తప్పిన? ఒక్క స్వరం చూపియ్యి."

ఆ ఏడు జనగామలో మమ్మల్ని ఒక్క పెళ్లికీ పిలవలేదు. పిలవబోయినవాళ్లను కూడా నాయకుడి మనుషులు బెదిరించారు. రాష్ట్రం వచ్చింది. ఆ పెద్దమనిషి మళ్లీ ముందు కుర్చీలోనే కూర్చున్నాడు, ఉద్యమవీరుడట! నిన్న మా వీధిలో సంతాప ఫ్లెక్సీ కూడా కట్టించాడు. అందులో నిలువెత్తు బొమ్మ నాయకుడిది, అడుగున బొటనవేలంత మాస్టరు. చచ్చినవారు ఎవరో చూసేవాళ్లకు తెలియదు.

నేను తలచుకునేది వేరే పొద్దు. పనిలేని ఆ ఏడే గార్ల ఊళ్లో ఒక పేదింటి పెళ్లికి వాయించి, పొద్దున్నే స్టేషన్లో కూర్చున్నాం. మిరపకాయలు ఏరబోయే ఆడకూలీలతో నిండిన ప్యాసింజరు వచ్చి ఆగింది. "ఓ అన్నా, ఒక్కటి వాయించరాదె!" అని ఒకామె కిటికీలోంచి అరిచింది. మాస్టరు నవ్వి లేచారు. ఆ ముఖంలో ఎవరి మీదా వెటకారం లేదు. రైలు కదిలింది. ఆయన వాయిస్తూ ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచారు. కిటికీ ఊచల మీద గాజుల చేతులు తాళం వేస్తూ, వేస్తూ, మలుపు తిరిగిపోయాయి.