గుర్తు పెట్టని చోటు

రాకాసి గుళ్లను ఫొటో తీయాలంటే పొద్దున్నే వెళ్లాలి. ఎండ నెత్తిమీదికి వచ్చాక ఏ బండైనా చదునుగా, ఒకే రంగుగా కనిపిస్తుంది. పొద్దు పక్క నుంచి పడుతున్నప్పుడైతే ప్రతి గీతకూ, ప్రతి గుంటకూ నీడ ఏర్పడుతుంది. అందుకే ఆదివారాలు మంచిర్యాలలోని మా అద్దె ఇంటి నుంచి తెల్లవారుతుండగానే బండి తీసేవాణ్ణి. సంచిలో ఏవి ఉండాలో ఖాయం: కెమెరా, టేపు, దిక్సూచి, ఎరుపూ తెలుపూ పట్టీలు వేసిన కొలకర్ర, ఆకులు ఊడ్చడానికి మెత్తటి చీపురు, నీళ్ల సీసాలు. నేను సివిల్ ఇంజనీరింగ్ చదివాను. రోడ్ల సర్వే నా ఉద్యోగం. వారమంతా ఇంకా వేయని రోడ్లను కొలిచి, ఆదివారం ఎవరో ఎప్పుడో కట్టినవాటిని కొలుస్తానని నా భార్య నవ్వేది.

మా కరీంనగర్ వైపు, అటు ఆదిలాబాద్ వైపు, చేన్లలోనూ గుట్టల వాలులోనూ ఇవి ఇంకా మిగిలి ఉన్నాయి. పెద్ద గుండ్లను వలయంగా పేరుస్తారు. వలయం మధ్యలో నాలుగు పలకబండలను భూమిలోకి నిలబెట్టి పెట్టెలా చేస్తారు. పైన ఒక కప్పుబండ వేస్తారు. ఇనుము వాడకం తెలిసిన తొలికాలపు మనుషులు తమలో చనిపోయినవాళ్లకు కట్టిన సమాధులివి. లోపల కుండలు పెట్టేవారు, కత్తులు పెట్టేవారు, ఒక్కోచోట పూసలు కూడా. అంత బరువైన బండలను మనుషులు ఎత్తలేరని, రాక్షసులే కట్టి ఉంటారని ఊళ్లలో అంటారు. ఆ పేరు అలా వచ్చిందే. బండలు ఎలా ఎత్తారో, ఊరందరిలో ఎవరికి కట్టారో, ఎవరికి కట్టలేదో చదువుకున్నవాళ్లకు కూడా పూర్తిగా తెలియదు. నేను తవ్వను, కదపను. ఫొటో తీస్తాను, కొలుస్తాను, ఫోన్లో ఆ చోటును గుర్తు పెట్టుకుంటాను. చేను చదును చేసే యంత్రం రేపు వచ్చినా, ఇవాళ అక్కడ ఒకటుండేదని తెలియడానికి.

మొదట్లో ఒక్కణ్ణే వెళ్లేవాణ్ణి. మా బిడ్డ పోయాక నా భార్య కూడా రావడం మొదలుపెట్టింది.

నెలలు నిండాక, కడుపులోనే పోయింది. ఆడపిల్ల. కరీంనగర్‌లో ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి తీశారు. నా భార్యకు మత్తు దిగేసరికే పక్కన ఏమీ లేదు. చూస్తే ఇక మరిచిపోలేకపోతుందని పెద్దవాళ్లు చూపించలేదు. నేను మందుల చీటీలు పట్టుకుని మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉన్నాను. బాపు, మా నాన్న, ఒక్కడే బట్టలో చుట్టిన బిడ్డను తీసుకుని, చొప్పదండి దగ్గరి మా ఊరికి ఆటోలో వెళ్లి, పొద్దు గూకక ముందే పని ముగించి వచ్చాడు.

మా వైపు పసిపిల్లలను కాల్చరు, పూడ్చిపెడతారు. అక్కడికి తల్లి రాదు. ఎక్కడ పెట్టారో ఆమెకు చెప్పరు. చెబితే ఆమె మనసు ఆ మట్టి దగ్గరే తిరుగుతుందని, మళ్లీ కడుపు పండదని భయం. పెద్దవాళ్లు పోతే మూడో రోజు వాళ్లకు ఇష్టమైనవి వండి బొంద దగ్గర పెట్టి, పిట్ట వచ్చి ముట్టేదాకా ఎదురుచూస్తాం. పసిపిల్లలకు అదీ ఉండదు. ఏడాదికోసారి పెత్రమాసకు, భాద్రపద అమావాస్య నాడు, పోయినవాళ్ల పేర్లు తలుచుకుని బియ్యమిస్తాం. పేరు పెట్టని పిల్లను ఏమని తలుచుకుంటాం? అలా అందరూ ఆ సంగతిని మా మంచికే మూసేశారు. మూసేసినవాళ్ల మీద నాకు కోపం లేదు. మేం కోలుకోవాలనే వాళ్ల తాపత్రయం.

కొన్ని నెలలు నా భార్య బడికి వెళ్లడం, పిల్లలకు లెక్కలు చెప్పి రావడం, వండడం తప్ప ఇంకేమీ చేయలేదు. ఒక ఆదివారం నేను సంచి సర్దుకుంటుంటే వచ్చి చెప్పులేసుకుంది.

"నేను గూడ వస్త."

దారిలో వెనక కూర్చుని అంది: "ఆదివారం ఎవరన్న పెండ్లాన్ని సినిమాకు తీస్కపోతరు. నువ్వు బొందలగడ్డకు తీస్కపోతున్నవ్. గీ సంగతి ముందే తెలిస్తే మా అవ్వ నీకు పిల్లనియ్యకపోవు."

"ఇచ్చేసింది గదా."

"గదే పరేషాన్."

చాలా రోజుల తర్వాత ఆమె వేసిన జోకు అది. నేను బండి మెల్లగా పోనిచ్చాను. అప్పటి నుంచి కొలకర్ర పట్టుకోవడం ఆమె పని అయింది. ఫొటోలో రాయి ఎంతుందో తెలియడానికి కర్రను దాని పక్కన నిటారుగా నిలపాలి. నాకంటే ఆమే బాగా నిలబెడుతుంది.

ఆ చలికాలం ఆసిఫాబాద్ దాటి లోపల ఒక పత్తిచేనులో రాతివలయాలున్నాయని విని వెళ్లాం. మంచు ఇంకా ఆకుల మీదే ఉంది. నేను ఒక పెద్ద వలయం చుట్టూ టేపు పరుస్తుంటే చేను యజమాని, తలకు రుమాలు చుట్టుకున్న పెద్దమనిషి, గట్టు మీద నుంచి కేకేశాడు.

"ఏం దాదా, బంగారం దొర్కిందా? దొర్కితే సగం నాది. చేను నాది మరి."

"బంగారం కాదు కాకా, మంచిర్యాల నుంచి వచ్చినం, ఫొటోలు తీసుకుంటున్నం."

"ఫొటో తీస్తే ఏమొస్తది?"

"ఏం రాదు."

"ఏం రాని పనికి పెట్రోలు కాల్చుకోని మంచిర్యాల నుంచి వచ్చినవా! చదువుకున్నోళ్లందరు గిట్లనే ఉంటరా బిడ్డ?" అని నా భార్యను అడిగాడు.

"అందరు మంచిగనే ఉంటరు కాకా. నాకు దొర్కినాయినే గిట్లుండు."

ఆయన పడీపడీ నవ్వి మా దగ్గరికి దిగి వచ్చాడు. వాళ్ల తాత గానీ తండ్రి గానీ ఆ వలయాల మీద నాగలి పెట్టలేదట. తాను కూడా చుట్టూ తిప్పుకునే దున్నుతాడట. "రాకాసులదైతేంది, ఎవలదైతేంది, పండుకున్నోళ్లను లేపుడెందుకు," అన్నాడు. వెళ్లబోతూ చేయి చాపి చూపించాడు. "గా మూలకు ఒక చిన్నది ఉంటది. చూసిండ్రా? పత్తిల కనవడది."

వెళ్లి చూశాం. పత్తిమొక్కల మధ్య, మోకాలెత్తు కూడా లేని గుండ్ల వలయం. మధ్యలో కప్పుబండ ఒక పక్కకు జరిగి ఉంది. కింద రాతి పెట్టె సగం దాకా మట్టితో నిండి ఉంది. లోపలి పొడవు కొలిచాను. రెండడుగుల మీద కొంచెం. అయినా నాలుగు పలకలనూ పెద్ద గుళ్ల పలకల లాగే అంచులు చెక్కి, ఒకదానికొకటి ఆనించి శ్రద్ధగా నిలబెట్టారు. తూర్పు పలకకు గుండ్రటి రంధ్రం కూడా ఉంది. పిడికిలి దూరేంత.

నా భార్య కొలకర్రను నిలబెట్టలేదు. మట్టిలో కూర్చుంది.

"గీ రంధ్రమెందుకు?"

"తెల్వదు. ఆత్మ వచ్చిపోయేందుకని కొందరంటరు. లోపలికి తిండి అందించేందుకని కొందరు."

"గిది చిన్నపిల్లలదేనా?"

"చెప్పలేం. పెద్దోళ్ల ఎముకలు ఏరి చిన్న పెట్టెల పెట్టినవి గూడ ఉంటయి. తవ్వి చూస్తెగాని..."

"తవ్వుడు నాకొద్దు. నీకు తెల్వదు గదా?"

"తెల్వదు."

"మరి నేను పిల్లదనుకుంట. నీ లెక్కలకు అడ్డమొస్తదా?"

"రాదు."

ఆమె పలక అంచు మీద చేయి పెట్టింది. "గింతంత దానికి గింత బండ మోసుకొచ్చిండ్రు," అంది. తర్వాత నా వైపు తిరగకుండానే అడిగింది: "మన పిల్ల యాడున్నది?"

"ఊరికాడ."

"ఊర్ల యాడ?"

నాకు తెలియదు. ఎవరివో తెలియని సమాధులకు అక్షాంశం, రేఖాంశం నా ఫోన్లో ఉన్నాయి. నా కూతురు ఏ చెట్టు కింద ఉందో, ఏ గట్టు పక్కన ఉందో నేను అడగనే లేదు. అదే మాట ఆమెతో చెప్పాను.

"మామకు తెలుసు గదా," అంది. "నన్ను తీస్కపొమ్మను. నేనొక్కసారి చూడాలె."

ఆ సాయంత్రం బాపుకు ఫోన్ చేశాను. సంగతి చెప్పగానే ఆయన, "అక్కడ చలి ఎట్లున్నది?" అని అడిగాడు. మళ్లీ చెప్పాను. "కోడలికి స్వెటరున్నదా?" అన్నాడు. మూడోసారి చెప్పబోయేలోగా, ఎడ్లకు నీళ్లు పెట్టాలని పెట్టేశాడు. మా ఇంట్లో ఎడ్లు లేక చాలా ఏళ్లయింది.

మరుసటి వారం ఇద్దరం ఊరికి వెళ్లాం. అవ్వ, మా అమ్మ, వంటింటి గడప దగ్గర అనపకాయలు ఒలుస్తోంది. బాపు వాకిట్లో మంచం నులక బిగిస్తున్నాడు. నా భార్య అవ్వ పక్కన కూర్చుని తనూ కాయలు ఒలుస్తూ, సూటిగానే అడిగింది.

"అత్తమ్మా, నేను పిల్లను పెట్టినకాడికి పోతా."

అవ్వ చేయి ఆగింది. "వద్దు బిడ్డ. తల్లి పోవద్దు. మళ్ల నీ కడుపు పండాలె."

"పండకపోతే పండకపాయె. నాకు చూడాలె."

"గట్లనకు, నోట్లె మట్టివడ."

"నేను తొమ్మిది నెలలు మోసిన అత్తమ్మా. మొకం చూపియ్యలే. ఎత్తుకోనియ్యలే. నేను ఏడ్వాలంటే గూడ యాడ కూసోని ఏడ్వాలె?"

అవ్వ ఒలిచిన గింజలను ఒక పక్కకు, పొట్టును ఒక పక్కకు అనవసరంగా సర్దింది. నాకంటే ముందు ఒక కొడుకు పుట్టి పోయాడని నాకు తెలుసు. మా ఇంట్లో దాని గురించి అంతకు మించి ఎవరూ అనగా వినలేదు. అవ్వ మెల్లగా, చాటలోని గింజలతో చెబుతున్నట్టు అంది:

"నా పెద్దోడు పది పొద్దులు బతికిండు. పాలు మంచిగనే తాగిండు. వాణ్ణి యాడ వెట్టిండ్రో మా అత్త నాకు చెప్పనియ్యలే. నేను గూడ అడుగలే." మళ్లీ ఒక కాయ అందుకుని, "అడుగొచ్చని నాకు తెల్వకపాయె బిడ్డ," అంది.

వాకిట్లో నులక చప్పుడు ఆగిపోయింది. బాపు తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు.

"పాండ్రి," అన్నాడు. "వాగు అవతలికి పోవాలె. పొద్దు గూకకముందె మర్లొద్దాం."

అవ్వ ఆపుతుందనుకున్నాను. ఆమె చాట మీద గుడ్డ కప్పి, తలుపు గొళ్లెం పెట్టి, మా వెనకే వచ్చింది.

వాగులో నీళ్లు మడమల దాకానే ఉన్నాయి. అవతలి ఒడ్డున మోదుగ చెట్లు. వాటి వెనక బాపు ఆగాడు. అక్కడ చిన్న రాళ్ల కుప్ప ఉంది. రాళ్లు పిడికిలంతవి, తలకాయంతవి, వాగులోంచి తెచ్చినవి. పైన రేగుకంప వేసి ఉంది. ఇన్ని నెలల కిందటి కంప ఎండి రాలిపోయి ఉండాలి. అది పచ్చిగానే ఉంది. నేను చూడడం బాపు చూశాడు.

"నక్కలు తోడుతయి," అన్నాడు. "ఎండినప్పుడల్ల మారుస్తున్న."

నా భార్య కంపను జాగ్రత్తగా పక్కకు తీసింది. ముల్లు గుచ్చుకున్నా చేయి లాక్కోలేదు. రాళ్ల పక్కన కూర్చుంది. ఏడుస్తుందనుకుని నేనూ కూర్చున్నాను. ఆమె బాపును చూసింది.

"మామా, నువ్వు మొకం చూసినవా?"

"చూసిన బిడ్డ."

"ఎట్లుండె?"

బాపు ఎప్పుడూ నాలుగు మాటలు కలిపి మాట్లాడే మనిషి కాదు. తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. "ఎర్రగుండె. నెత్తినిండ ఎంటికలు. వేళ్లు పొడుగు," అన్నాడు. "ముక్కు నీదే. వీని ముక్కు రాలే. మంచిగైంది."

ఆమె నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. ఆ ఏడుపు కోసం నెలల తరబడి ఆమె ఎంత దూరం తిరిగిందో నాకు అప్పుడు అర్థమైంది. నేను ఆమె వీపు మీద చేయి వేశాను. నాకూ కళ్లు కనిపించలేదు.

"దేంట్ల చుట్టినవ్ మామా?"

"కొత్త తువ్వాలల. తల దక్షిణం దిక్కు పెట్టిన. రాయి తగులకుండ కింద మెత్తటి ఇసుక పోసిన." అడక్కుండానే అంతా చెప్పాడు. ఎవరైనా అడుగుతారని ఇన్నాళ్లూ దాచుకున్నట్టు చెప్పాడు.

అవ్వ ఇంతసేపూ మోదుగ చెట్టుకు ఆనుకుని నిలబడే ఉంది. ఇప్పుడు బాపు దగ్గరికి వచ్చింది.

"మరి వాడు?"

బాపు ఆమె ముఖంలోకి చూశాడు. "పెద్దోడా?"

"ఊ."

"ఇన్నేండ్లకు అడిగినవ్."

"ఇప్పుడన్న అడిగిన గదా. సూపియ్యి."

ఇద్దరూ వాగు ఒడ్డు వెంట నడిచారు. ముందు ఆయన, వెనక ఆమె. మేం వెంట వెళ్లలేదు. కొంత దూరం పోయాక ఆయన ఆగి, అటూ ఇటూ చూసి, నాలుగు అడుగులు వెనక్కి వచ్చి, మళ్లీ ముందుకు పోవడం కనిపించింది. వరదలకు ఒడ్డు ఎన్నోసార్లు కోసుకుపోయి ఉంటుంది. ఆయనకు చోటు సరిగ్గా దొరకడం లేదు. చివరికి ఒక చోట నిలబడి చేత్తో నేలను చూపించాడు. అవ్వ అక్కడ కూర్చుంది. బాపు కూడా, మోకాళ్లు పట్టుకుని, పక్కనే కూర్చున్నాడు.

పొద్దు మోదుగ చెట్ల వెనక్కి దిగింది. "చీకటైతది, పిలువనా?" అన్నాను.

"పిలువకు," అంది నా భార్య. "ఆమెను జరసేపు కూసోనియ్యి."